మణికట్టుకు తెలిసిన ఏడుపు

మనస్వినికి ఒకటో తరగతిలో మెదడువాపు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గి దవాఖానా నుంచి రామంతాపూర్‌లోని ఇంటికి వచ్చాక చూస్తే, ఇంట్లో అందరూ పెదవులు కదుపుతున్నారు గానీ మాట రావడం లేదు. తనను ఏడిపించడానికి అలా చేస్తున్నారని కొన్నాళ్లు అనుకుంది. తనకే వినపడడం లేదని తర్వాత తెలిసింది.

అప్పటికే మాటలు వచ్చిన పిల్ల కాబట్టి మాట పోలేదు. ఎత్తుపల్లాలు లేని గొంతుతో, పదం పదం విడదీసి మాట్లాడుతుంది. అలవాటైన వాళ్లకు అర్థమవుతుంది. ఎదుటివాళ్ల మాటను పెదవుల మీద చదువుకుంటుంది. గుబురు మీసాల వాళ్లతోనూ, మాట్లాడుతూ మాట్లాడుతూ తల తిప్పేసే వాళ్లతోనూ ఆమెకు కష్టం.

డిగ్రీ అయ్యాక వెబ్ పేజీలు తయారుచేయడం నేర్చుకుంది. మీట నొక్కితే పేజీ ఏం చెయ్యాలో చెప్పే జావాస్క్రిప్ట్ ఆమెకు బాగా నచ్చింది. అందులో తప్పు రాస్తే ఏ లైనులో తప్పుందో ఎర్ర అక్షరాలతో కనిపిస్తుంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చెప్పేవాళ్లెవరూ లేరు అందులో. హబ్సిగూడలో ఒక చిన్న కంపెనీ ఆమెకు ఉద్యోగం ఇచ్చింది. ఇంటి నుంచే పని. డాక్టర్ల అపాయింట్‌మెంట్లు తీసుకునే పేజీలు రాసేది.

నరేందర్‌ను ఆమె బధిరుల సంఘం వాళ్ల క్రికెట్ పోటీల్లో చూసింది. అతనికి పుట్టుకతోనే వినపడదు, మాట కూడా లేదు. నాచారంలో అట్టపెట్టెల కంపెనీలో కటింగ్ మిషన్ మీద పని చేసేవాడు. పెళ్లయ్యాక చిల్కానగర్‌లో, శ్యామలమ్మ అనే ఆవిడ ఇంట్లో, కింది పోర్షన్‌లో కాపురం పెట్టారు. నరేందర్ తల్లి లక్ష్మీనర్సమ్మ వాళ్లతోనే ఉండేది.

లక్ష్మీనర్సమ్మది మోత్కూరు దగ్గర ఊరు. భర్తతో నాచారం వచ్చి, ఇద్దరూ ఒకే నూలు మిల్లులో చేరారు. భర్త పోయాక కూడా మిల్లు మూతపడే దాకా ఆమె అక్కడే పని చేసింది. వినపడని కొడుకును ఒక్కతే పెంచింది. పాలవాడు వచ్చినా, గ్యాస్ బండ వచ్చినా, ఎవరైనా తలుపు కొట్టినా ఆమే లేచేది. కోడలు వచ్చాక కూడా ఆ పని ఆమెదే. ఆ ఇంటికి చెవులు తానేనని ఆమె ఎవరితోనూ అనలేదు గానీ, అందరికీ తెలిసిన విషయమే.

హిమజ పుట్టింది. పిల్లకు చెవులు బాగా వినపడుతున్నాయని డాక్టర్లు పరీక్ష చేసి చెప్పారు. దవాఖానా నుంచి వచ్చిన రోజే లక్ష్మీనర్సమ్మ పిల్లను ఊపే తొట్టెలను తన గదిలో కట్టించింది. పాలకు మాత్రం పిల్లను తెచ్చి ఒళ్లో పెట్టేది, పాలు తాగగానే తీసుకుపోయేది. బజారుకు వెళ్లాల్సి వస్తే చంకనేసుకుని వెళ్లేది.

కొన్ని నెలలు గడిచాక మనస్విని ఒకరోజు అడిగింది.

"రాత్రి నీ కాడ ఉంచుకో అత్తమ్మా. పగలు నా కాడ ఉంటది. నేను సూస్కుంట."

"సూస్తవ్ బిడ్డా, కండ్లున్నయ్. ఇననీకె ఏమున్నది?" అంది లక్ష్మీనర్సమ్మ. "ఏడ్సి ఏడ్సి పిల్ల గొంతు ఎండిపోతది. నీకెట్ల తెలుస్తది?"

ఆ పూట పాలు తాగాక కూడా పిల్లను కాసేపు కోడలి ఒళ్లోనే ఉండనిచ్చింది. కానీ తొట్టెల మాత్రం ఆ గదిలోనే ఉండిపోయింది.

ఏడుపును పసిగట్టే యంత్రాలు ఉన్నాయని మనస్వినికి తెలుసు. అవి చాలావరకు వినపడేవాళ్ల కోసం చేసినవి; పక్క గదిలోని ఏడుపును ఈ గదిలో వినిపిస్తాయి. తానే ఒకటి చేసుకుందామంటే, చిన్న చిన్న ఎలక్ట్రానిక్ బోర్డులతో పని చెయ్యాలంటే వేరే భాష, సర్క్యూట్ల చదువు కావాలని అనుకునేది. కంపెనీ పని మధ్యలో ఏదో వెతుకుతుంటే ఒక వీడియో కంటబడింది. అగ్గిపెట్టెలో సగమంత ఉన్న బోర్డు మీద ఒకతను జావాస్క్రిప్ట్ నడిపిస్తున్నాడు. బ్రౌజరు లేదు, దాని వెనక కంప్యూటరూ లేదు. ఆ భాషను చదివి అర్థం చేసుకునే చిన్న ప్రోగ్రాంను ముందుగా బోర్డులోకి ఎక్కించాడు, అంతే. ఆ తర్వాత ఆమె రోజూ రాసే లాంటి లైన్లే. మీట నొక్కితే ఇది చెయ్యి అని రాసే చోట, శబ్దం వస్తే ఇది చెయ్యి అని రాసుకోవచ్చు.

రెండు బోర్డులు, ఒక చిన్న మైకు తెప్పించింది. మొదట చేసిన పని ఒక చిన్న బల్బును వెలిగించి ఆర్పడం. తాను రాసింది ఇన్నేళ్లుగా తెర మీదే కనిపించేది. ఇప్పుడు బల్ల మీద, టీ గ్లాసు పక్కన, ఒక దీపం వెలుగుతోంది. నరేందర్‌ను పిలిచి చూపించింది. అతను బల్బు చుట్టూ అరచేతులు పెట్టి చూశాడు. "నీ అక్షరాలేనా ఇది?" అని చేతులతో అడిగాడు. ఔనంది.

ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో పాత ఫోన్ల నుంచి తీసిన వైబ్రేషన్ మోటార్లు దొరికాయి. అందులో ఒకటి, ఒక చిన్న బ్యాటరీ, ఒక బోర్డు కలిపి నరేందర్ చేతి గడియారంలా పట్టీ కుట్టాడు. మైకున్న బోర్డును, కరెంటు పోయినా ఆగకుండా ఇంకో బ్యాటరీతో కలిపి, కంపెనీ నుంచి తెచ్చిన అట్టతో చేసిన డబ్బాలో పెట్టి తమ గది గోడకు తగిలించాడు. గోడ మీది బోర్డు శబ్దం పట్టుకుంటే ఇంట్లోని వైఫై ద్వారా పట్టీకి చెబుతుంది, పట్టీ మణికట్టు మీద అదురుతుంది.

అది రోజంతా అదరడం మొదలుపెట్టింది. అదిరిన ప్రతిసారీ మనస్విని లేచి వెళ్లి చూసేది. పిల్ల నిద్రపోతుండేది. దేనికి అదిరిందో ఆమెకు తెలిసే దారి లేదు. అత్తను అడిగితే, "మిషన్ తల్లయితదా పిల్లకు? నాకు పనున్నది," అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

చివరికి ఇంటి ఓనరు శ్యామలమ్మ పైనుంచి దిగి వచ్చి ఒక మధ్యాహ్నం ఆమె పక్కన కూర్చుంది. పట్టీ అదిరినప్పుడల్లా మనస్విని చెయ్యి ఎత్తేది. శ్యామలమ్మ పెదవులు బాగా కదిపి చెప్పేది.

"గిది పాత సామాన్లు కొనేటోని ఆటో. మైకు పెట్టిండు... గిది కుక్కర్. సీటీ గొట్టింది... ఆ, గిది మీ అత్త. పొయ్యి మీది గిన్నె కిందవడేసింది."

"ఒక్క ఇంట్ల గిన్ని సప్పుళ్లు ఉంటయా?"

"నువ్వే నయం పిల్లా," అంది శ్యామలమ్మ నవ్వుతూ. అంతలోనే అనకూడని మాట అన్నానేమోనని ఆమె మొహం చిన్నబోయింది. మనస్వినికి మాత్రం నవ్వొచ్చింది.

పిల్ల ఏడ్చినప్పుడు శ్యామలమ్మ ఆ ఏడుపును చేత్తో గాలిలో గీసి చూపించింది. పైకి లేస్తుంది, కాసేపు నిలబడుతుంది, ఊపిరి కోసం ఆగుతుంది, మళ్లీ లేస్తుంది. కుక్కర్ సీటీకి ఆ ఆగడం లేదు. ఆటో మైకుకు అసలు ఆగడమే లేదు. మనస్విని ఆ లేవడాన్నీ ఆగడాన్నీ లెక్కలోకి తీసుకునేలా ప్రోగ్రాం మార్చింది. గిన్నెలు పడ్డా, తలుపులు కొట్టుకున్నా పట్టీ కదలడం మానేసింది. పిల్ల ఏడిస్తే మాత్రం అదిరేది. పగలు కొంతసేపు పిల్లను కోడలి గదిలో పడుకోబెట్టడానికి లక్ష్మీనర్సమ్మ ఒప్పుకుంది. మనసొప్పి కాదు, కొడుకు పోరు పడలేక.

కొద్ది వారాలు సాఫీగా నడిచింది.

ఎండాకాలం చివర, లక్ష్మీనర్సమ్మ లాలాపేట్‌లో చుట్టాలింటికి, ఆడపడుచుకు ఒడిబియ్యం పోసే ఫంక్షన్‌కు వెళ్లింది. ఆ పగలు కరెంటు చాలాసార్లు పోయి వచ్చింది. మనస్విని ముందు గదిలో పని చేసుకుంటోంది. పట్టీ కదల్లేదు. పిల్ల నిద్రపోతోందనే అనుకుంది. ఉన్నట్టుండి శ్యామలమ్మ లోపలికి దూసుకొచ్చి భుజం పట్టి కుదిపింది. గదిలోకి వెళితే, పిల్ల కింద వేసిన పరుపు మీదనుంచి దొర్లి మంచం కిందికి పోయి, మంచం కోడుకూ గోడకూ మధ్య ఇరుక్కుని ఉంది. మొహం కమిలిపోయింది. చెంప గీసుకుపోయింది. పై అంతస్తు దాకా వినపడిందట ఏడుపు.

సాయంత్రం లక్ష్మీనర్సమ్మకు తెలిసింది. ఆమె కేకలు వేయలేదు. పిల్ల చెంపకు కొబ్బరినూనె రాసింది. గోడ మీది డబ్బాను పీకి సజ్జ మీద పడేసింది. తొట్టెలను మళ్లీ తన గదిలో కట్టింది.

"ఒక్క పూట నేను ఇంట్ల లేకపోతే గిట్లనా?" అంది. మనస్విని ఆమె పెదవుల వైపు చూడకుండా నేల చూసింది. అలా చూస్తే మాట వినాల్సిన అవసరం లేదు. చిన్నప్పటినుంచీ ఆమెకు తెలిసిన తప్పించుకునే దారి అదొక్కటే.

రెండు రోజులు దాన్ని ముట్టుకోలేదు. తర్వాత సజ్జ మీదనుంచి దించి, తన బల్ల మీద పెట్టి, వైఫై స్విచ్చి వేసి ఆర్పి వేసి ఆర్పి చూసింది. తప్పు దొరికింది. కరెంటు పోయి వైఫై తిరిగి వచ్చిన ప్రతిసారీ, శబ్దం కోసం కాచుకుని ఉండమని బోర్డుకు ఇంకోసారి చెబుతోంది ఆమె రాసిన ప్రోగ్రాం. పాత కాపలా పోకుండానే కొత్త కాపలా చేరుతోంది. ఆ చిన్న బోర్డులో ఉన్న కాస్త మెమరీ నిండిపోయి, అది కదలకుండా నిలిచిపోయింది. వెబ్ పేజీల్లో ఇలాంటి తప్పు ఆమె ఎన్నిసార్లు చేసిందో లెక్కలేదు. అక్కడ దాని సంగతి ఎవరికీ తెలియదు. మనుషులు పేజీ మూసేస్తారు, మళ్లీ తెరుస్తారు, అంతా కొత్తగా మొదలవుతుంది. గోడ మీది డబ్బాను ఎవరూ మూసి తెరవరు.

తప్పు దిద్దడం చిన్న పని. ఆమెను ఎక్కువ బాధించింది వేరే. బోర్డు చచ్చిపోయినా, పిల్ల హాయిగా నిద్రపోయినా, తన మణికట్టుకు రెండూ ఒకేలా ఉన్నాయి. అందుకని ఇంకో ఏర్పాటు చేసింది. గోడ మీది బోర్డు ఉండుండి పట్టీకి 'నేనున్నాను' అని చెబుతూ ఉంటుంది. ఆ కబురు రాకపోతే పట్టీ దానంతట అదే వేరే రకంగా, ఆపకుండా అదురుతుంది. వైఫై తీగ పీకి, డబ్బా తీగ పీకి, చాలాసార్లు చూసుకుంది. పీకిన ప్రతిసారీ చెయ్యి అదిరింది.

నరేందర్ తల్లి ముందు కూర్చుని చేతులతో చెప్పాడు. "నేను నీ చెవులతో పెరిగాను. డబ్బా కూడా ఉండనీ. నీ గదిలోనే ఉండనీ."

"ఉంటే ఉండనియ్," అంది లక్ష్మీనర్సమ్మ. "నేనుండంగ దానితోని పనేంది?"

అలా డబ్బా ఈసారి ఆమె గదిలో, తొట్టెలకు ఎదురుగా చేరింది.

వానలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం లక్ష్మీనర్సమ్మ ఆ గది గుమ్మంలోనే కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. మనస్విని పట్టీ అదిరింది. ఏడుపుకు అదిరే తీరే. లేచి వచ్చింది.

"పిల్ల ఏడుస్తుందా అత్తమ్మా?"

"ఏడ్సలే. నేనీడనే ఉన్న గద. నీ మిషన్‌కు మళ్ల రోగమొచ్చింది."

మనస్విని వెనక్కి వెళ్లి కూర్చుంది. తానేం తప్పు రాసిందోనని ఆలోచిస్తుండగానే మళ్లీ అదిరింది. ఈసారి అత్తను అడగకుండా, ఆమెను దాటుకుని లోపలికి వెళ్లింది. తొట్టెలలో పిల్ల పిడికిళ్లు బిగించి, నోరంతా తెరిచి ఏడుస్తోంది. ఎత్తుకుని బయటికి వచ్చింది. కంటి నీళ్లతో తడిసిన పిల్ల మొహం చూసి లక్ష్మీనర్సమ్మ చేతిలోని చింతపండు అక్కడే పెట్టేసింది.

"ఇప్పుడే మొదలువెట్టింది," అంది.

ఆ తర్వాత మరో రెండు మూడుసార్లు ఇలాగే జరిగింది. ప్రతిసారీ ఏదో ఒక కారణం ఉండేది. వాన చప్పుడు, బయట ట్రాక్టరు, నల్లా నీళ్లు. చివరికి లక్ష్మీనర్సమ్మ కొడుకుతో, ఆ డబ్బా మీద నమ్మకం లేదని, ఊరికే ఇంట్లో గొడవ పెడుతోందని, దాన్ని తీసెయ్యమని చెప్పింది. నరేందర్ భార్య వైపు చూశాడు. ఒక్క రోజు ఆగమని మనస్విని సైగ చేసింది.

ఆమె అప్పటికే ఒక విషయం గమనించింది. అత్త మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ల కళ్లలోకి చూడదు. పెదవులు చూస్తుంది. ఇన్నేళ్లూ ఆ చూపు మనస్వినికి మామూలుగా అనిపించింది, ఎందుకంటే తన చూపూ అదే. కానీ వినపడేవాళ్లు అలా చూడరు. శ్యామలమ్మ కూరగాయలు తరుగుతూ, కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూడా మాట్లాడగలదు.

మర్నాడు నరేందర్ డ్యూటీకి వెళ్లాక మనస్విని వంటింట్లోకి వెళ్లి అత్తకు ఎదురుగా నిలబడింది. చిన్నప్పుడు మాట దిద్దిన టీచరు చెప్పినట్టు వేళ్లు గొంతు మీద ఆనించుకుంది. గొంతు అదరకపోతే మాట బయటికి రానట్టు. ఊపిరి బిగబట్టి, పెదవులు మాత్రమే కదిపింది.

'టీ పెట్టాల్నా అత్తమ్మా?'

"పెట్టు. జర అల్లం ఎక్వ ఎయ్," అంది లక్ష్మీనర్సమ్మ.

మనస్విని కదల్లేదు. వేళ్లు ఇంకా గొంతు మీదే ఉన్నాయి. లక్ష్మీనర్సమ్మ ఆ వేళ్లను చూసింది, కోడలి మొహం చూసింది. ముప్పై ఏళ్లకు పైగా వినపడని కొడుకును పెంచిన మనిషి. ఆ వేళ్లు అక్కడ ఎందుకున్నాయో ఆమెకు వేరే చెప్పనక్కర్లేదు. అక్కడే పీట మీద కూర్చుంది.

"ఎప్పటి సంది?" అని అడిగింది మనస్విని, ఈసారి గొంతుతో.

లక్ష్మీనర్సమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది.

"మిల్లుల ఉన్నప్పటి సందే షురువయింది. ఆ మిషన్ల మోతల ఎవ్వరి మాట ఎవ్వరికి ఇనవడకపోతుండె. ఆడోళ్లమంత మూతులు సూసే మాట్లాడుకుంటుంటిమి. మిల్లు బందయింది గని నా చెవులల్ల ఇంక నడుస్తనే ఉన్నది. ఇగో, ఇప్పుడు గూడ నడుస్తున్నది." చెవి పక్కన చెయ్యి తిప్పి చూపించింది. "పెద్ద సప్పుడు తెలుస్తది. మూతి కనవడితె మాట తెలుస్తది. పసిపిల్ల ఏడుపు సన్నగుంటది. గది నాకు అందుతలేదు."

"మరి ఎందుకు చెప్పలే?"

"ఈ ఇంట్ల చెవులున్నదాన్ని నేనొక్కదాన్నే. గవి గూడ లెవ్వంటే ఇగ నేనెందుకు?"

మనస్విని పీట పక్కన నేల మీద కూర్చుంది. ఒకటో తరగతిలో, జ్వరం తగ్గాక, తనకు వినపడడం లేదన్న సంగతి ఆమె కూడా కొన్ని రోజులు దాచింది. నాన్న చెప్పే లెక్కలకు తల ఊపేది. ఆ సంగతి ఇప్పుడు అత్తకు చెప్పింది. లక్ష్మీనర్సమ్మ కళ్లు తుడుచుకోకుండా ఆమె పెదవులనే చూస్తూ ఉంది, ఒక్క మాట కూడా పోనివ్వకుండా.

"వాని పిల్లను ఏడిపించిన," అంది చివరికి. "గుమ్మంల కూసోని."

"నేను గూడ ఏడిపించిన. అటు పక్క గదిలో కూసోని," అంది మనస్విని.

నరేందర్‌కు చెప్పనని ఆమె అత్తకు మాట ఇచ్చింది. కానీ మూడు నాలుగు రోజులు గడిచాక లక్ష్మీనర్సమ్మే కొడుకును కూర్చోబెట్టి, వచ్చీ రాని సైగలతో చెప్పుకుంది. అతను ముందు నమ్మలేదు. తర్వాత తల్లి రెండు చెవుల మీదా అరచేతులు పెట్టి అలాగే ఉండిపోయాడు.

కోఠిలో చెవి దవాఖానాకు తీసుకెళ్లారు. చెవి నరాలు దెబ్బతిన్నాయని, పోయింది తిరిగి రాదని, మిషన్ పెట్టుకుంటే కొంత మేలని డాక్టర్ చెప్పాడు. చెవి మిషన్ ఇచ్చారు. గాలి వీస్తే చెవిలో పెద్ద హోరు వస్తోందని ఆమె దాన్ని పెళ్లిళ్లకు, దవాఖానాకు మాత్రమే పెట్టుకుంటుంది.

మనస్విని ఇంకో బోర్డు తెప్పించి రెండో పట్టీ చేసింది. లక్ష్మీనర్సమ్మ దాన్ని గాజుల పైన కట్టుకుంది. కట్టుకున్న మొదటి వారంలోనే తప్పులు ఎంచడం మొదలుపెట్టింది. గాజులు ఉండడంతో అదురు సరిగా తెలియడం లేదు, ఇంకా గట్టిగా ఉండాలి. ఎవరైనా తలుపు కొడితే కూడా తెలియాలి. పిల్ల ఏడ్చినా, తలుపు కొట్టినా ఒకేలా అదిరితే ఎట్లా, ఎటు ఉరకాలి? మనస్విని తలుపుకు ఇంకో బోర్డు పెట్టి, దానికి రెండు చిన్న అదుర్లు రాసింది. పిల్లకు పొడుగు అదురు. కంపెనీలో ఆమె రాసే పేజీల మీద కూడా ఎవరూ ఇంత వివరంగా ఫిర్యాదు చేయలేదు.

తొట్టెల పగలు మనస్విని గదిలో, రాత్రి లక్ష్మీనర్సమ్మ గదిలో ఉంటోంది. సాయంత్రాలు కోడలి దగ్గర కూర్చుని ఆమె సైగలు నేర్చుకుంటోంది. ఇన్నేళ్లూ కొడుకుతో తిండి, పని, డబ్బు, జ్వరం వంటి నాలుగు మాటల సైగలతో నెట్టుకొచ్చింది. ఇప్పుడు నరేందర్ ఆమెకు ఫ్యాక్టరీలో జరిగినవన్నీ చెబుతున్నాడు, అతను అంత మాటకారి అని ఆమెకు తెలియదు.

దసరా ముందు ఒక రోజు శ్యామలమ్మ మెట్ల మీద కూర్చుని బతుకమ్మకు పూలు ఏరుతుంటే లక్ష్మీనర్సమ్మ వెళ్లి పక్కన కూర్చుంది. కాసేపు పూలు విడదీసి, తల ఎత్తకుండానే అంది.

"నాకు సరిగ ఇనవడ్తలేదు శ్యామలా. జర నా మొకం దిక్కు సూసి మాట్లాడు."

శ్యామలమ్మ చేతిలోని తంగేడు కొమ్మ పక్కన పెట్టి ఆమె వైపు తిరిగింది.

"మాకెప్పుడో ఎరుకే అక్కా. నువ్వు చెప్తలేవని గల్లీల అందరం నీతోని గట్టిగ మాట్లాడుతున్నం."

లక్ష్మీనర్సమ్మ కొంచెంసేపు ఆమె పెదవులనే చూసింది. అర్థమయ్యాక, "ముందుగాల చెప్తె నీ నోరు పడిపోతుండెనా?" అని విసుక్కుని, పూల బుట్ట తన ఒళ్లోకి లాక్కుంది.